నాలుగో నంబర్ ప్యాక్

మార్చి 3

ఈ రోజు నుంచి రాయక తప్పదు. ఎవరితో చెప్పినా కుళ్ళు అంటారు. కుళ్ళే. కాగితమైతే ఎగతాళి చేయదు.

కాలేజీ డ్రోన్ క్లబ్‌లో రెండేళ్ళుగా బ్యాటరీలన్నీ నా చేతుల మీదుగానే నడుస్తున్నాయి. ఆరు ప్యాక్‌లు. ఏది ఎన్నిసార్లు ఛార్జ్ అయిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పోటీలో డ్రోన్ నడిపేది మాత్రం మొన్న చేరిన ఫస్టియర్ పిల్లట. అందరూ తూనీగ అంటారు. వాళ్ళ నాన్న ఇంజినీర్. పదేళ్ళప్పుడే సొంత డ్రోన్ ఉందట. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. క్లబ్ చూసుకునే సార్ నన్ను పిలిచి, నువ్వు లేకపోతే ఇవి ఎగరవమ్మా, అన్నారు. ఎగరేసేది మాత్రం అది.

మార్చి 6

తూనీగ నన్ను అక్కా అని పిలిచింది. ఒళ్ళు మండింది.

మార్చి 9, సాయంత్రం

వాన. ప్రాక్టీస్ రద్దు. నాలుగో ప్యాక్ అప్పటికే ఫుల్ ఛార్జ్. ఎగరకపోతే సగానికి దించి పెట్టాలి. రోజుల తరబడి నిండుగా ఉంటే లోపల గ్యాస్ చేరి ఉబ్బుతుంది. నాలుగోది అసలే పాతది. ఎవరు తీసుకుంటే వాళ్ళే దించాలని సార్ రూల్. తూనీగ దాన్ని కిటికీ పక్కనున్న డబ్బాలో పడేసి వెళ్ళిపోయింది. పిలుద్దామని తలుపు దాకా వెళ్ళాను. పిలవలేదు. డబ్బా మూత నేనే పెట్టాను.

ఇంట్లో అమ్మ ఇస్త్రీ చేస్తూ, నిండుగా ఉంటే మంచిదే కదే, అంది. ఉబ్బుతుందమ్మా అన్నాను. అయితే ఆదివారం భోజనమయ్యాక మీ నాన్నలాగేనన్నమాట, అని నవ్వింది. తర్వాత ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, మరి తెలిసినదానివి నువ్వు దించలేదా, అని అడిగింది.

మార్చి 14

ఎండ మండిపోతోంది. రోజూ మూత తీసి చూస్తున్నాను. మళ్ళీ పెట్టేస్తున్నాను.

మార్చి 19

ఉబ్బింది. దిండులా.

సార్ దాన్ని మంట అంటుకోకుండా ఇసుక బకెట్‌లో పెట్టి, చివరగా ఎవరు తీశారన్నారు. నా దగ్గరుండే ప్యాక్‌ల రిజిస్టర్ తెరిచి తూనీగ సంతకం చూపించాను. పోటీకి తూనీగని తీసేసి నన్ను పెడతానన్నారు. రెండేళ్ళుగా ఈ మాట కోసమే చూశాను.

తూనీగ మెట్ల మీద కూర్చుని ఉంది. మా ఇంట్లో ప్యాక్‌లు వాటంతటవే సగానికి దిగిపోతాయక్కా, ఇవీ అంతే అనుకున్నాను, అంది. నువ్వు రోజూ చూస్తావుగా, తప్పుంటే తిడతావులే అని ధీమాగా ఉన్నాను, అంటూ చున్నీతో ముక్కు తుడుచుకుంది.

మార్చి 20

సార్ టేబుల్ మీద పెట్టిన చీటీకి నకలు:

సార్, నాలుగో ప్యాక్ పది రోజులు నిండుగా ఉందని నాకు తెలుసు. రోజూ చూశాను. కావాలనే చెప్పలేదు. డ్రోన్ తూనీగే నడపాలి. మిగతా ఐదూ సగానికి దించి పెట్టాను. రిజిస్టర్ ఇంకా నా దగ్గరే ఉంచాలో వద్దో ఇరవై ఐదో తేదీలోగా చెప్పండి.