బాపమ్మ జారిపడ్డ గడప

బాపూ, భైంసా నుంచి రాగానే కొత్త స్నానాలగదిలోకి పోకు, నేలంతా నీళ్లున్నాయి. అన్నం కుక్కర్లో ఉంది, పప్పు వేడి చేసుకో. బాపమ్మను తీసుకుని నిర్మల్ దవాఖానకు పోతున్నాను.

పొద్దున స్నానం చేసి వస్తూ ఆమె గడప దగ్గర జారిపడింది. మణికట్టు వాచింది. నేను పిలిస్తే ఆ గది కట్టిన నీ దోస్తు గంగాధర్ మేస్త్రి వచ్చాడు. అతని ముందే బకెట్ నీళ్లు కుమ్మరించాను. నీళ్లు బయటికి పోయే జాలీ దిక్కు చుక్క కూడా పోలేదు, అన్నీ గడపకే వచ్చాయి. అయినా, "ముసలామె నీళ్లు ఎక్కువ పోసుకుంటది" అన్నాడు.

బాపమ్మ వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. "బండలు తీసి మళ్ల వెయ్యి. గప్పటిదాక నిన్ను పోనియ్య" అంది.

అతను నీకు ఫోన్ కలిపాడు. స్పీకర్లో నీ మాట నీ తల్లి కూడా విన్నది. "నువ్వు పోరా, ఫికర్ చెయ్యకు. అవ్వకు నేను చెప్పుకుంట."

ఆమె లేచి అతనికి దారి ఇచ్చింది. పడ్డప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది బాపూ.

తర్వాత కళ్లు తుడుచుకుని, "గా మేస్త్రి మీద కేసు నా పేరుతోనే పెట్టు బిడ్డా" అంది. చేతికి కట్టు కట్టించాక వకీలు దగ్గరికి పోతాం.

– సృజన

మరిచిపోయాను. పని మాట్లాడింది నువ్వే కాబట్టి విచారణకు నిన్ను కూడా పిలుస్తారని వకీలు ఫోన్లో చెప్పాడు. ఎవరి పక్కన నిలబడతావో అప్పటిలోగా తేల్చుకో.