గట్టు మీది ఊదాపూలు

అక్కా,

మోకాలి కట్టు విప్పారా, మెట్లెక్కుతున్నావా అని ముందు అడిగి, ఆ తర్వాత అసలు సంగతి రాద్దామనుకున్నాను. అదీ ఒక దొంగ ఎత్తే. సూటిగా రాసేస్తాను. మూడు వారాలుగా నేను నీకు రాసినవన్నీ అబద్ధాలు.

ఆపరేషన్ కోసం మీ అమ్మాయి దగ్గరికి వెళ్తూ నీ నోటుబుక్కు నా చేతిలో పెట్టావు. "ఆదివారం పొద్దున్నే వాగు పక్క కాలిబాట చివరిదాకా నడువు. ఏ పువ్వు విచ్చిందో, ఏ పిట్ట కనబడిందో నాకు రాయి, పార్కు ఆఫీసులోనూ ఒక కాగితం ఇవ్వు" అన్నావు. మొదటి వారం నిజంగానే వెళ్లాను. రెండో ఆదివారం కొట్లో యూనిఫారాల కుట్టు నెత్తి మీదుంది. మిషన్ ముందే కూర్చుని, పోయినేడు అదే వారం నువ్వు రాసిన పేజీ చూసి, తేదీ మార్చి దింపేశాను. తూనీగలు పదకొండు, నీలం పిట్ట ఒకటి, పసుపు పూలు విరగబూశాయి. "శభాష్, నీకూ కళ్లున్నాయే" అని జవాబు రాశావు. సిగ్గేసింది. అయినా తర్వాతి వారమూ అదే పని చేశాను.

పోయిన వారం పేజీలో "గట్టు మీద ఊదాపూలు ఎండాయి, గింజ రాలింది" అని ఉంది. అదీ దింపి, నీ పేరుతోనే ఆఫీసులో ఇచ్చాను. గింజ రాలిందని నీ కాగితం అందాకే వాళ్లు గట్టు మీద కోత పెడతారన్న సంగతి నాకు గుర్తే లేదు. గుమాస్తా "టీచరమ్మ లెక్క తప్పదు" అంటూ ముద్ర వేశాడు.

బుధవారం కోతమిషన్ చప్పుడు వినబడింది. టేపు మెడలో వేలాడుతుండగానే పరిగెత్తాను. అప్పటికే అంతా అయిపోయింది. ఊదాపూలు నిండా విచ్చుకుని, పచ్చిపచ్చిగా నేల మీద పడున్నాయక్కా. ఒక్క గింజా రాలలేదు. తెగిన కాడల మీద చారల గొంగళిపురుగులు ఎటు పోవాలో తెలీక అటూ ఇటూ పాకుతున్నాయి. తేనెటీగలు ఇంకా వచ్చి ఆ పడిపోయిన పూల మీదే వాలుతున్నాయి. కోసినాయన చెమట తుడుచుకుంటూ "మీ అక్కగారు రాస్తేనే కదమ్మా కోశాం" అన్నాడు. రాసింది నేనని చెప్పకుండా కిందకి వంగాను.

పురుగుల్ని దోసిట్లో పట్టుకుని, వంతెన అవతల మిగిలిన నాలుగు మొక్కల మీద వదిలాను. ముప్పై ఆరు. వీటిని నిజంగానే లెక్కపెట్టాను. ఇరవై ఏళ్లుగా నీ మాటకున్న విలువని మూడు వారాల్లో తగలేశాను. నీ జవాబు రాగానే ఆఫీసుకెళ్లి తప్పు నాదని చెప్తాను. తిట్టు, పడతాను.

నీ సోమరిపోతు చెల్లి

*

ఒసే సోమరిపోతూ,

తిట్టడానికే కలం తీశాను. రెండు కాగితాలు చించాను. నిన్ను తిట్టే మొహం నాకు లేదు.

పోయినేడే నా మోకాలు మొరాయించింది. బాట మొదట్లో బెంచీ ఉంది చూడు, అక్కడిదాకా వెళ్లి కూలబడేదాన్ని. అక్కణ్ణించి గట్టు కనబడదు. చెబితే మా అమ్మాయి నడక మానిపిస్తుందని, ఆఫీసువాళ్లు ఇక చాల్లెండి అంటారని భయం. అందుకని అంతకు ముందేటి పేజీ చూసి రాశాను. నువ్వు దింపింది నా దొంగ లెక్కే. అది నమ్మి వాళ్లు పోయినేడూ ముందే కోశారు. కోతయ్యాక కర్ర పట్టుకుని దేక్కుంటూ వెళ్లి చూశాను. నువ్వు చూసిందే చూశాను. నువ్వు పురుగుల్ని ఏరావు. నేను ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను.

ఈ ఏడు ఆ గట్టు మొహం చూసే ధైర్యం లేక నిన్ను పంపాను. పూలు మళ్లీ వచ్చాయని నీ మొదటి ఉత్తరంలో చదివి హమ్మయ్య అనుకున్నాను. రెండో ఉత్తరంలో పదకొండు తూనీగలు. అది పోయినేడు నేను బెంచీ మీద కూర్చుని దింపిన అంకె. నువ్వు వెళ్లలేదని అప్పుడే తెలిసింది. అడిగితే నా గుట్టు బయటపడుతుందని శభాష్ అని రాశాను. ఆ రోజు నోరు విప్పుంటే గట్టు దక్కేది.

ఆఫీసుకి ఒక్కదానివే వెళ్లకు. సోమవారం వస్తున్నాను. ఇద్దరం వెళ్దాం, ముందు నేను మాట్లాడతాను. ఈలోగా ఆదివారం వంతెన అవతలికి పో. ముప్పై ఆరింటిలో ఎన్ని బతికాయో చూసి రాయి. ఒక్కటే ఉంటే ఒకటని రాయి. ఏమీ లేకపోతే ఏమీ లేవని రాయి. పాత పేజీలు మాత్రం తిరగెయ్యకు, అవి నా చేత్తో రాసినవైనా సరే.

నీ దొంగ టీచరమ్మ