దిగుడు వాలు మీద సమ్మె

కుర్కివార,
18 ఫిబ్రవరి 1974, సోమవారం

కుర్కివార స్కీ సంఘం కార్యదర్శి శ్రీమతి హిల్కా నుర్మెల గారికి,

మీ కార్డు అందింది. చదివి అరగంట సేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

"కొండ దారిలోని ప్రతి ఇంటి నుంచీ ఒకరు మార్చి రెండో తేదీ శనివారం ఉదయం ఆరింటికి సొంత స్కీలతో వచ్చి, స్కీ జంపింగ్ కొండ దిగుడు వాలు మీద మంచు తొక్కవలెను. సూప్ ఇవ్వబడును."

మీ ఆఫీసు గోడ మీద క్యాలెండరు ఉందా? అందులో ఏ శతాబ్దం నడుస్తోంది? పదకొండు దేశాల నుంచి ఆటగాళ్లు వస్తారు. మంత్రిగారు గొర్రె తోలు కప్పుకుని స్టాండులో కూర్చుంటారు. గాల్లోంచి దూకినవాళ్లు దిగే మంచును గట్టిపరచడానికి మాత్రం, వారమంతా రంపపు మిల్లులో దుంగలు మోసిన మేము కావాలి. కూలి లేదు. నా దగ్గరున్న పచ్చ అట్ట కార్మిక హక్కుల పుస్తకం పన్నెండో పేజీలో దీన్ని వెట్టిచాకిరీ అన్నారు.

మా తాత ఏలిస్ ముప్పై నాలుగేళ్లుగా తొక్కుతున్నాడు. "ఎప్పుడూ కూలి అడగలేదా తాతా?" అంటే, "మంచు తొక్కితే కూలేమిట్రా, నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు. ఒక మనిషిని ఎక్కడికి తెచ్చి నిలబెట్టారో చూడండి.

ఈ ఏడు మా ఇంటి వంతు నాది. కూలి ఇస్తే తొక్కుతాను. లేకపోతే తొక్కను.

ఇట్లు,
మెడ వంచడం నేర్చుకోని
ఓస్మో రౌతియాల

తా.క.: ఆ సూప్ కూడా ఉత్త నీళ్లు. పోయిన ఏడాది నా గిన్నెలో బఠాణీలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ తిరిగాయి.


కుర్కివార స్కీ సంఘం,
20 ఫిబ్రవరి, బుధవారం

చిరంజీవి ఓస్మోకు,

నీ ఉత్తరాన్ని నిన్న సమితిలో పైకి చదివాను. ఈ కాలం కుర్రాళ్లకు సంఘం పనులంటే ఇంత శ్రద్ధ ఉందని అందరూ సంతోషించారు.

మన పద్ధతి నీకు తెలిసిందే. లోపం ఎవరు చూపిస్తే ఆ పని వాళ్లది. 1958లో మరుగుదొడ్ల గురించి పశువుల డాక్టరుగారు ఒకే ఒక్క మాట అన్నారు. ఈనాటికీ ఆయనే చూసుకుంటున్నారు. కాబట్టి ఈ ఏటి సూప్ నీది. మూడు వందల మందికి. సైన్యం వాళ్ల చక్రాల పొయ్యి అడిగి తెప్పించాను. వంటగది తాళంచెవి మీ తాతకిచ్చాను.

కూలి సంగతి సమితి ఆలోచించాలి. ఆ లోపల ఒక్క విషయం గుర్తుపెట్టుకో నాయనా. శనివారం ఉదయం పదింటికి ఆస్ట్రియా నుంచి వచ్చే పరిశీలకుడు వాలు పరీక్షిస్తాడు. మంచు మెత్తగా ఉంటే దిగేవాడి కాళ్లు విరుగుతాయి, అందుకని పోటీ అక్కడికక్కడే రద్దు చేస్తాడు. ఒకసారి రద్దయితే వచ్చే ఏటి నుంచి ఈ పోటీలు లెప్పావుయోకి ఊరికి పోతాయి. వాళ్లు ఇప్పటికే జెండా కర్రలకు రంగులు వేసుకున్నారట. నలభై ఏళ్ల పోటీలు మనవి.

నీ మేలు కోరే
హిల్కా

తా.క.: పొగబెట్టిన పంది కాళ్లు వచ్చే బుధవారం వస్తాయి. తలుపు తీసి ఉంచు.


22 ఫిబ్రవరి, శుక్రవారం

కార్యదర్శి గారికి,

దోపిడీ జరుగుతోందని మొరపెట్టుకున్నవాడి చేతికి గరిటె ఇస్తారా? మిల్లులో ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్లు నవ్వారు.

అయినా మాట్లాడి మాట్లాడి కొండ దారిలో నలభై మందిని ఒక తాటి మీదికి తెచ్చాను. ఇది అధికారిక నోటీసు. మార్చి రెండున ఉదయం ఆరింటికి మేం నలభై మందిమీ మంచు తొక్కం. సమ్మె చేస్తాం. ప్లకార్డులు పట్టుకుని పరిశీలకుడు వచ్చేదాకా కొండ దగ్గరే ఉంటాం. కూలి ఒప్పుకుంటే పని, లేకపోతే లేదు. లెప్పావుయోకి పేరు చెప్పి మమ్మల్ని బెదిరించకండి.

ఇట్లు,
సమ్మె సంఘం తరఫున
ఓస్మో రౌతియాల

తా.క.: సమ్మెలో మా తాత కూడా ఉన్నాడు. "నలభై మంది ఒకచోట చేరితే ఇంట్లో ఎవడు కూర్చుంటాడ్రా?" అన్నాడు. చైతన్యం ఏ వయసులోనైనా రావచ్చు.


25 ఫిబ్రవరి, సోమవారం

చిరంజీవి ఓస్మోకు,

నోటీసు అందింది. ఉదయం ఆరింటికి నలభై మంది అనే మాట దగ్గర కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. నా పదిహేనేళ్ల కార్యదర్శి పదవిలో ఆ గంటకు పదిహేడుగురి కంటే ఎక్కువ మందిని చూడలేదు.

సమ్మెకు సంఘం అనుమతి ఇస్తోంది. అయితే కొండ కింద స్థలం లేదు, అక్కడ రేడియో వాళ్ల వైర్లు ఉంటాయి. దారి మీద బస్సులు ఉంటాయి. అందుచేత దిగుడు వాలు మీదే చేసుకోండి. స్టాండు నుంచి ప్లకార్డులు బాగా కనబడతాయి కూడా.

మీ క్షేమం కోసం నాలుగు మాటలు. గురు, శుక్రవారాల్లో మోకాలి లోతు మంచు పడుతుందని రేడియోలో చెప్పారు, కాబట్టి స్కీలు వేసుకునే రండి. స్కీలు వాలుకు అడ్డంగా పెట్టండి, లేకపోతే సమ్మె మొత్తం జారి విలేకరుల బల్ల మీద పడుతుంది. ఒకరి భుజం ఒకరికి తగిలేలా వరుసగా నిలబడితే బలంగా కనిపిస్తారు. ఇరవై డిగ్రీల చలి ఉంటుంది, ఊరికే నిలబడితే గడ్డకట్టుకుపోతారు. అడుగులు గట్టిగా వేస్తూ పై నుంచి కిందికి, కింద నుంచి పైకి కదులుతూ ఉండండి. నాలుగుసార్లు తిరిగితే ఒళ్లు వెచ్చబడుతుంది.

దీవెనలతో
హిల్కా

తా.క.: అంచుల దగ్గర కూడా నిలబడండి. అంచులను జనం మరిచిపోతుంటారు.


27 ఫిబ్రవరి, బుధవారం

కార్యదర్శి గారికి,

మీ ఉత్తరాన్ని మిల్లు భోజనాల గదిలో బల్ల ఎక్కి చదివాను. పోరాటం లేకుండానే కొండ నడిబొడ్డు మా చేతికి వచ్చింది. పాలకవర్గం మొదట బెదిరిస్తుంది, తర్వాత వెనక్కి తగ్గుతుంది అని పచ్చ అట్ట పుస్తకం పందొమ్మిదో పేజీలో ఉంది. మీరు ఇంత త్వరగా తగ్గుతారని నేను కూడా అనుకోలేదు.

మీ షరతులన్నీ ఒప్పుకుంటున్నాం. అంచుల దగ్గర బలమైనవాళ్లను పెడతాను. నిన్న ఆవిరి స్నానానికి సౌనాలో కూర్చున్నప్పుడు ఈ సంగతి చెబితే మా తాత పై మెట్టు మీద కూర్చుని నవ్వీ నవ్వీ, నీళ్ల బకెట్టు పొయ్యి రాళ్ల మీద మొత్తంగా బోర్లించాడు. అందరం ఆవిరికి బయటికి పరుగెత్తాం. "మంచి చోటు ఇచ్చిందిరా హిల్కా, పెద్ద మనసు" అన్నాడు మంచులో కూర్చుని. ఇంత ఉత్సాహం ఆయనలో ఎన్నడూ చూడలేదు.

ఇట్లు,
విజయానికి రెండడుగుల దూరంలో
ఓస్మో

తా.క.: పంది కాళ్లు వచ్చాయి. అవి పాడైపోతే తప్పు పందిది కాదు కాబట్టి బఠాణీలు నానబోశాను. శుక్రవారం సాయంత్రం పొయ్యి మీద పెడతాను. దీన్ని లొంగుబాటుగా భావించవద్దు. సంఘం కాఫీ ఎలా ఉంటుందో మాత్రం నేనేమీ అనడం లేదు.


2 మార్చి, శనివారం, ఉదయం పదకొండు గంటలు
(మనిషి చేత)

చిరంజీవి ఓస్మోకు,

పరిశీలకుడు వాలు మీద పై నుంచి కిందిదాకా కర్రతో పొడుచుకుంటూ దిగాడు. కర్ర ఎక్కడా దిగలేదు. అంచుల దగ్గర ఆగి, మళ్లీ పొడిచి, "ఇరవై ఏళ్లలో ఇలాంటి వాలు చూడలేదు, తొక్కించింది ఎవరు?" అని అడిగాడు. నీ పేరు రాసుకున్నాడు. పోటీ గంటలో మొదలవుతుంది. నేను కాస్త ఏడ్చాను, అది వేరే సంగతి.

నీ
హిల్కా

తా.క.: సూప్‌లో గరిటె నిలబడింది. నార్వే వాళ్లు రెండోసారి వచ్చి నిలుచున్నారు.


అదే రోజు, మధ్యాహ్నం రెండు గంటలు

కార్యదర్శి గారికి,



తొమ్మిదిన్నరకు సమ్మె ముగించి కిందికి వచ్చాం. వరుసలో నా పక్కన నిలబడ్డ కుర్రాడు ఆర్వో వెనక్కి తిరిగి చూసి అలాగే ఆగిపోయాడు. "ఒరే ఓస్మో, మనం ఇప్పటిదాకా ఏం చేశాంరా?" అన్నాడు. "సమ్మె చేశాం" అన్నాను. "మరి వాలు ఎవడు తొక్కాడ్రా?" అన్నాడు.

నేనూ చూశాను. రాత్రంతా పడిన మోకాలి లోతు మంచు ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. పుట్టినప్పటి నుంచి ఈ కొండ కిందే ఉన్నాను, తొక్కడమంటే ఏమిటో నాకు తెలియదా? తెలుసు. కానీ నినాదాలు ఇస్తున్నాను కదా, కాళ్ల మీద ధ్యాస లేదు. మా తాత మాత్రం వరుస చివర నుంచి "అంచు, అంచు" అని అరుస్తూనే ఉన్నాడు. అది కూడా నినాదమే అనుకున్నాను.

మీరు నన్ను మోసం చేశారు. సరే. కానీ పని జరిగింది, జరిగిన పనికి కూలి ఇవ్వాలి. దీన్ని ఏ పుస్తకమూ కాదనదు, మీరూ కాదనలేరు. మూడున్నర గంటలు, నలభై మంది. ఈ సాయంత్రం లోపల సమితి తేల్చాలి. రేపు ఆదివారం పెద్ద పోటీ ఉంది, మళ్లీ మంచు పడుతుంది, ఈసారి మేం మంచానికి అతుక్కుని సమ్మె చేస్తాం.

ఇట్లు,
ఓస్మో రౌతియాల

తా.క.: మా ప్లకార్డు ఫొటో రేపు పేపర్లో వస్తుందట. దాని మీద "ఈ వాలు మీద ఒక్క అడుగు కూడా వేయం" అని ఉంది. ఫొటో ఆపించగలరా?


2 మార్చి, సాయంత్రం ఐదు గంటలు
(మనిషి చేత)

చిరంజీవి ఓస్మోకు,

నీ ఉత్తరంలో న్యాయం ఉంది. సమితి నాలుగింటికి కూర్చుని, నీ కోరికను ఏకగ్రీవంగా ఒప్పుకుంది. వాలు తొక్కినవాళ్లకు ఈ రోజుకూ, రేపటికీ, ఇక ముందు ప్రతి ఏటా కూలి ఉంటుంది. నలభై ఏళ్లలో ఎవరూ అడగకపోవడం మా తప్పే అని కూడా రాసుకున్నాం. మోసం చేశానన్నావు. అందుకు క్షమాపణ చెబుతున్నాను, గట్టిగా మాత్రం కాదు.

కబురు వెంటనే వంటగదిలో సూప్ తాగుతున్న మీవాళ్లకు పంపాను. ఇరవై నిమిషాల్లో మీ తాత ముందు నడుస్తూ, నీ సమ్మె సంఘం నా బల్ల దగ్గరికి వచ్చింది. నాకు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

విషయం ఏమిటంటే, కూలి తీసుకుంటే పనివాళ్లవుతారు. పనివాళ్లయితే బీమా నియమం ప్రకారం, పని కాగానే కంచె బయటికి వెళ్లిపోవాలి. ఊరికే తొక్కినవాళ్లు మాత్రం పోటీ అయ్యేదాకా వాలు అంచున నిలబడవచ్చు. మంత్రిగారికి కూడా అక్కడికి ప్రవేశం లేదు. మీ తాత టోపీ తీసి బల్ల మీద పెట్టి అన్నాడు: "ముప్పై నాలుగేళ్లుగా మనుషులు నా తల మీంచి ఎగిరి వెళ్తున్నారు హిల్కా. చెవి పక్క నుంచి ఆ గాలి చప్పుడు వినడానికే నేను తొక్కేది. నన్ను కంచె అవతల నిలబెడతావా? దాని కంటే నీ కూలి నువ్వే ఉంచుకో." మిగతావాళ్లు "ఔను, ఔను" అన్నారు. ఆర్వో అందరికంటే గట్టిగా అన్నాడు.

కూలి మాకొద్దని ముప్పై తొమ్మిది మంది సంతకాలు పెట్టారు. ఒప్పుకోకపోతే రేపు సమ్మె చేస్తామని నాకు నోటీసు కూడా ఇచ్చారు. నోటీసు బాగా రాశారు, నీ దగ్గర నేర్చుకున్నట్టుంది. ఒప్పుకున్నాను.

నువ్వు ఆ సమయానికి ఇంట్లో కూర్చుని నాకు ఉత్తరం రాసిన అలసట తీర్చుకుంటున్నావట. అందుచేత సంతకం లేనిది నీదొక్కటే. నలభై ఏళ్ల సంఘ చరిత్రలో మొదటి కూలివాడివి నువ్వు. నేను నీ యజమానిని. దీనికి నీ పచ్చ అట్ట పుస్తకంలో ఏ మాట ఉందో నాకు చెప్పనక్కరలేదు. రేపు ఉదయం ఆరింటికి రా. తొమ్మిదిన్నరకు కంచె బయటికి వెళ్లాలి.

కాగితం మీద నలభయ్యో గీత ఖాళీగా ఉంచాను. కలం పక్కనే ఉంది.

నీ యజమాని, ఇంకా నీ మేలు కోరేదీ
హిల్కా నుర్మెల

తా.క.: పనివాడికి సమ్మె హక్కు ఉంది, సంఘం దాన్ని గౌరవిస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చేసుకో. కాకపోతే ఒక్కడివే కాబట్టి నాలుగుసార్లు తిరిగితే చాలదు. కాస్త పెందలాడే మొదలుపెట్టు.