లైను ఇళ్ల పక్కన నర్సు గది

లక్ష్మక్కా,

నువ్వు పోయి రేపటికి మూడేళ్లు. వానల్లేక మన ఊరు మంగళవాడలో వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇద్దరం కూలికి, కన్నడం మాట్లాడే ఈ కొండల్లోని కాఫీ తోటకు వచ్చాం. ఆరో నెల కడుపుతో కాఫీ పండ్ల మూట మోస్తుంటే నీకు రక్తం పోవడం మొదలైంది. ఆసుపత్రికి పోవడానికి తోట జీపు ఇమ్మని మేస్త్రీ కాళ్లు పట్టుకున్నాను.

"దొర లేడమ్మా, నేనెట్ల ఇచ్చేది?" అన్నాడు.

దుప్పటిలో మోసుకుపోతుంటే రోడ్డు చేరకముందే నువ్వు పోయావు.

నిన్న మన కూలీలుండే లైను ఇళ్ల పక్కన నర్సు గది తెరిచారు. ఇకమీద కడుపుతో ఉన్నవాళ్లకు బరువు పని చెప్పరట. అందుకోసం మేమంతా నాలుగు రోజులు పని మాని ఆఫీసు ముందు కూర్చున్నాం. నలుగురిలో నోరు విప్పని నేనే ముందు లేచాను.

"మా అక్క ఈడనే సచ్చిపోయింది సార్. ఇంకొకరు సచ్చేదాకా ఊరుకోము" అని మేనేజరుతో అన్నాను.

ఈ రోజు మన ఊరి గంగమ్మ అక్కడ చూపించుకుంది. ఆమెకిప్పుడు ఐదో నెల.

"బిడ్డ బాగుండాదంట చిన్నక్కా" అని నవ్వుతూ బయటికొచ్చింది.

ఆమె వెళ్లాక నేను లోపలికి పోయి, ఆమెను పరీక్ష చేసిన మంచం మీద కూర్చున్నాను. ఎక్కడ నొప్పి అని నర్సు కన్నడంలో అడిగింది. ఏమీ లేదని చెప్పి లేచి వచ్చేశాను.

నీ చెల్లెలు