మూసేసిన కాజాలు

తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. అంటే తింటున్నాం, పడుకుంటున్నాం, ఎవరికీ జ్వరాలు లేవు. నీ మోకాలి నొప్పి తగ్గిందని చెల్లికి చెప్పాను. "వాడి మోకాలికేం, ఊరందరికీ నొప్పి పెట్టాడుగా," అంది. అని, నీకు పంపమని ఉన్ని మేజోళ్లు తెచ్చిచ్చింది. దాని నోరు నీకు తెలిసిందే.

నువ్వడిగినవాటికి జవాబులు. కుట్టుమిషను బాగానే నడుస్తోంది. కళ్లజోడు మార్చాను. ప్రార్థన మానలేదు. పొద్దున్నే కూర్చుంటాను, ఏమీ అడగను. ఏడుపూ రావడం లేదు. లోపల దూది కుక్కినట్టుంది.

జైల్లో నీకు కౌన్సెలింగ్ చేస్తున్న డాక్టరమ్మ ముందుకు నన్ను రమ్మన్నావు. నాన్న నిన్ను బెల్టుతో కొట్టి, సామాన్ల గదిలో పెట్టి తాళం వేసేవాడని నా నోటితో చెప్పమన్నావు. "అక్కా, నేను సంఘంలోకి వెళ్లింది ఆ గదిలోంచే. పత్రికాఫీసు మెట్ల కింద బాంబు సంచి పెట్టింది నేను కాదు, ఆ గది. నువ్వు చెబితే నాకు బరువు దిగుతుంది," అని రాశావు.

వస్తాను. నాన్న సంగతి చెబుతాను. అదే గదిలో చెల్లినీ పెట్టేవాడని కూడా చెబుతాను.

నీకు రాయనిది ఒకటుంది. ఆ ఆఫీసు వాచ్‌మన్ భార్య చలికాలం నుంచీ నా దగ్గరికే వస్తోంది. ఆ సంచి పేలినప్పటి నుంచీ ఆయనకు కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి లేదు. ఒంటిచేత్తో బొత్తాలు పెట్టుకోలేడు, ఇంకొకరు పెడితే గిట్టదు. అందుకని చొక్కాలు తెస్తుంది. కాజాలు మూసి కుట్టి, బొత్తాలు వాటి మీద చూపుకి అతికించి, లోపల అంటుకునే పట్టీ వేస్తాను. చూసేవాళ్లకి మామూలు చొక్కానే. నీకు బొత్తాలు పెట్టుకోవడం నేర్పింది నేనేనని ప్రతి కాజా దగ్గరా గుర్తొస్తుంది. గుర్తొస్తుంది, అంతే.

నేనెవరో ఆవిడకు చెప్పలేదు. నీ ఉత్తరం చదివాక, నిన్న చెప్పాను.

"తెలుసమ్మా," అంది. "కోర్టులో వెనక బెంచీ మీద కూర్చునేవారుగా."

"మరి నా దగ్గరికెందుకు వస్తున్నారు?"

"ఇంకెక్కడికి పోను? ఊళ్లో దర్జీలందరి దగ్గరికీ వెళ్లా. కాజాలెందుకు మూయడం అని ఒకటే ఆరాలు. మీరొక్కరే అడగలేదు."

క్షమించమనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"అది మీరు చెప్పాల్సిన మాట కాదు. చెప్పాల్సినవాడు వేరే ఉన్నాడు. ముందీ కాలరు చూడండి, మెడకి గీసుకుంటోందట."

చూశాను. లోపలి కుట్టు విప్పి మళ్లీ వేశాను. అయ్యేదాకా నిలబడి, చొక్కా తీసుకుని వెళ్లింది.

గురువారం వస్తాను. గది సంగతి నేను చెబుతాను. సంచి సంగతి నువ్వే చెప్పు. అది నేను కుట్టిచ్చేది కాదు.

మేజోళ్లతో పాటు నీ నీలం చొక్కా పంపుతున్నాను. కాజాలన్నీ తెరిచే ఉన్నాయి. రెండు చేతులతో బొత్తాలు పెట్టుకునేటప్పుడు తొందరపడకు.

ఇట్లు,
ప్రార్థనలో నీ పేరు మానని
పెద్దక్క