గోడవైపు తిరిగే మనిషి

జూన్ 14, ఆదివారం

చిరంజీవి చిన్నాకి,

అక్క దీవించి రాయునది అని మొదలుపెట్టాలి. దీవించడానికి ఇవాళ చెయ్యి లేవడం లేదు, ఆ మాట ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. పిన్నికి బీపీ పెరిగింది. బాబాయి కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతున్నాడు. నేను మాత్రం బ్రహ్మాండంగా తింటున్నాను. కోపం వస్తే ఆకలి కూడా వస్తుందని ఈ వయసులో తెలిసింది. నువ్వు క్షేమమేనా అని అడగక్కర్లేదు, టీవీలో చూశాం. కోటు బాగుంది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి అని నవ్వకు. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని మెసేజి వస్తుంది. మెయిల్ పంపితే మీ ఆఫీసులో ఎవరో అమ్మాయి చదివి, సారుకి అందజేస్తాం మేడమ్ అని జవాబిస్తుంది. కాగితమైతే నువ్వే చింపాలి, నువ్వే చదవాలి.

బాబాయికి మా బ్యాంకు పంపిన నోటీసుతోపాటు నీ కంపెనీ రిపోర్టులోంచి ఒక పేజీ వచ్చింది. సొంత మనిషి షాపు కాబట్టి ఆ ఫైలు కార్డు మోసాలు చూసే నా డెస్కుకి రానివ్వలేదు. అది న్యాయమే. కానీ బాబాయి ఆ పేజీ పట్టుకొచ్చి, అమ్మా, ఈ భాష నాకు కొరుకుడు పడటం లేదు, ఇందులో నన్నేమన్నారో చెప్పు అని అడిగితే చదవక తప్పలేదు. మా బ్యాంకు కార్డుల వివరాలు ఇంటర్నెట్‌లో దొంగలు చాటుగా నడిపే డార్క్ వెబ్ అంగట్లో అమ్మకానికి కనిపించాయట. ఆ కార్డులన్నీ వాడిన ఉమ్మడి చోటు బాబాయి మందుల షాపట. కార్డు వెనక ఉండే మూడంకెలు కూడా అమ్ముతున్నారు గనుక, షాపు యజమాని కార్డు చేతిలోకి తీసుకుని ఆ అంకెలు చూసి రాసుకుని ఉండవచ్చట. కింద నీ సంతకం, బడిలో నేర్చుకున్నప్పటి తోకతో సహా.

చూసి రాసుకున్నాడా? ఎవరు? బాబాయా?

ఒరేయ్, ఎవరైనా పిన్ నంబరు కొడుతుంటే తనంతట తనే గోడవైపు తిరిగి నిలబడే మనిషిరా ఆయన. మెషీను కౌంటరు మీద పెట్టి, కార్డు మీరే పెట్టండి, నేను ముట్టుకోను అంటాడు. ఆ గోడ మీద ఏముంది? ఏదో దగ్గుమందు కంపెనీ వాళ్ళ పాత క్యాలెండరు. ఇన్నేళ్ళుగా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అయిపోయిందండీ అంటే తప్ప ఇటు తిరగడు. ఒకసారి ఎవరో డాక్టరుగారు నంబరు కొట్టేసి, చెప్పడం మర్చిపోయి మందులు పట్టుకుని వెళ్ళిపోతే, ఈయన ఇంకా గోడతోనే ఉన్నాడని పిన్ని ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. అమ్మ పోయాక మనిద్దరం ఆ కౌంటరు వెనక స్టూళ్ళ మీదే పెరిగాం. సెక్యూరిటీ అంటే ఏమిటో మా బాబాయి వీపు చూస్తే తెలుస్తుందని నువ్వే ఒక సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నావు. ఆ వీడియో బాబాయి ఎంతమందికి చూపించాడో నీకు తెలియదు.

పోనీ, ఆయన మంచితనం పక్కన పెట్టు. చిప్పు చదివే మెషీనుకి కార్డు వెనక మూడంకెలు తెలియవు. అవి అచ్చు వేసిన అంకెలు. ఎవరో కంటితో చూసి ఎక్కడో కొడితేనే బయటికొస్తాయి. ఈ సంగతి నీకు నేను చెప్పాలా? తెలుసు కాబట్టే ఆ చూసి రాసుకున్న కథ అల్లావు. అది లేకపోతే నీ రిపోర్టు నిలబడదు.

తర్వాత ఏం జరిగిందో కూడా విను, నీకు ఎవరూ చెప్పి ఉండరు. బ్యాంకు మనుషులు వచ్చి మెషీను పీక్కెళ్ళారు. వీధి వీధంతా చూసింది. రెండోరోజు ఒకావిడ, షాపులో నలుగురూ ఉండగా, ఇన్నాళ్ళూ గోడకి తిరిగి భలే నాటకం ఆడావయ్యా అంది. ఆవిడ కూతురికి జ్వరం వచ్చినప్పుడు మూసిన షట్టరు ఎత్తించి మందు పట్టుకెళ్ళిన మనిషే. బాబాయి సంగతి తెలుసుగా, నోట్లో నాలుక లేదు. ఆవిడకి ఇవ్వాల్సిన మాత్రలు కత్తిరించి, కవర్లో వేసి ఇచ్చి, ఆ సాయంత్రం షట్టరు దించాడు. నెల దాటింది, మళ్ళీ ఎత్తలేదు. మొన్న నేను సరదాకి నా ఫోను చూపించి, బాబాయ్, నంబరు కొడుతున్నా, అటు తిరుగు అన్నాను. తిరగలేదు. నా ముఖం వైపు అలాగే చూస్తూ కూర్చున్నాడు. జోకు వేసినందుకు నా నాలుక కోసుకోవాలనిపించింది.

గురువారం మా బ్యాంకు కమిటీ కూర్చుంటుంది. అక్కడ బాబాయి పేరు నల్ల జాబితాలోకి ఎక్కితే ఇక ఏ బ్యాంకూ ఆయనకి మెషీను ఇవ్వదు. ఆసుపత్రి పక్కన మందుల షాపు, కార్డు తీసుకోదంటే ఎవరొస్తారు? షాపు పోతే పోయింది, ఇల్లు గడవడానికి నేనున్నాను. కానీ దొంగ అన్న పేరుతో ఆయన ఇంట్లో కూర్చోవాలా? కమిటీ ముందున్న ఆధారమంతా నీ సంతకమున్న ఆ ఒక్క పేజీ.

ఇప్పుడు నీకు నచ్చని మాట ఒకటి. మనిద్దరం ఒకే డెస్కులో చేరిన కొత్తలో దొంగంటే దొంగే. కార్డు కొట్టేసినవాడే వాడుకునేవాడు, వాడుకుంటూ దొరికిపోయేవాడు. అంగడి వచ్చాక కొట్టేసేది ఒకడు, అమ్మేది ఒకడు, కొనేవాడు ఇంకెక్కడో. బ్యాంకు పేరు కొట్టి వెతుక్కోవచ్చు, ఊరు కొట్టి వెతుక్కోవచ్చు. కార్డు పనిచెయ్యకపోతే మార్చి ఇస్తారు, అమ్మినవాడికి రేటింగు చుక్కలు వేస్తారు. బట్టల షాపువాళ్ళు కూడా ఇంత మర్యాదగా సరుకు వెనక్కి తీసుకోరక్కా అని నువ్వు పగలబడి నవ్వేవాడివి. ఆ అంగడిని చూసే మనం పని నేర్చుకున్నాం. కార్డు మీది నల్లగీత నకలు తీసి అమ్మితే మనం చిప్పు తెచ్చాం. అంకెలు అమ్మితే ఫోనుకి ఓటీపీ పంపాం. ఓటీపీ కూడా మాయమాటలతో లాగుతుంటే ప్రతి కొనుగోలుకీ అనుమానం మార్కులు వెయ్యడం మొదలుపెట్టాం. చివరికి దొంగల వేషంలో అదే అంగట్లోకి వెళ్ళి, మన కార్డులు మనమే కొనుక్కొచ్చి, ఎక్కడ పోయాయో ఆరా తియ్యడం మన ఉద్యోగమైంది.

అక్కడిదాకా నాకు గర్వమే. తర్వాత నువ్వు బ్యాంకు వదిలేసి, ఆ అంగడి గుమ్మంలో కూర్చుని లోపల ఏం అమ్ముడవుతోందో బ్యాంకులకి చెప్పే కంపెనీ పెట్టావు. అదీ తప్పనలేదు. ప్రారంభం రోజు రిబ్బను పట్టుకుంది నేనే. కానీ పోలీసులు ఒక పెద్ద అంగడి మూయించిన రోజు నీకు ఫోన్ చేసి, పీడ వదిలిందిరా అంటే, నీ గొంతులో సంతోషం లేదు. వారం తిరగకుండా ఇంకొకటి తెరుచుకుంటుందిలే అక్కా అని నాకు కాదు, నీకే ధైర్యం చెప్పుకున్నావు. అంగడి లేకపోతే దొంగలకంటే ముందు రోడ్డున పడేది నువ్వే. అది నాకు ఆ రోజే అర్థం కావలసింది.

టీ కొట్టు సంగతి గుర్తుందా? మనం మొదటిసారి కొనుక్కొచ్చిన కార్డులన్నిటికీ ఉమ్మడి చోటు ఏదా అని లెక్క తీస్తే, మన ఆఫీసు కింద టీ కొట్టు అని తేలింది. నేను ఆవేశంగా కాగితం రాసెయ్యబోయాను. నువ్వే నా చెయ్యి పట్టుకుని ఆపావు. అక్కా, పోయినవన్నీ మన స్టాఫు కార్డులు, మన స్టాఫు టీ తాగకుండా ఉంటారా, అందరూ వెళ్ళే చోటు వేరు, అందరూ పోగొట్టుకున్న చోటు వేరు అన్నావు. ఆ మాట మా డెస్కులో ఇప్పటికీ కొత్తవాళ్ళకి చెబుతాం. ఎర కార్డుల పద్ధతి పుట్టింది కూడా అప్పుడే. లేని మనిషి పేరు మీద ఒక కార్డు చేయించి, అనుమానం ఉన్న ఒకే ఒక్క చోట వాడి, బీరువాలో పడెయ్యడం. అది అంగట్లో తేలిందంటే దొంగిలించబడింది అక్కడే, ఇంకెక్కడా కాదు. పేర్లు పెట్టడం మనకొక ఆట. నువ్వు నిన్ను ఫెయిల్ చేసిన లెక్కల మాస్టారి పేరు పెట్టావు, నేను మన పక్కింటి కుక్క పేరు పెట్టాను. మాస్టారి కార్డు అమ్ముడైపోయిన రోజు నువ్వు డెస్కంతటికీ టీ ఇప్పించావు.

అలాంటి నువ్వు, ఆసుపత్రి పక్కన ఉన్న ఒకే ఒక్క మందుల షాపుని ఉమ్మడి చోటు అని రాశావు. ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు మందులు కొనకుండా ఎక్కడికి పోతారు? ఆ కార్డులన్నీ బాబాయి దగ్గరికి వచ్చేముందు ఆసుపత్రి అడ్మిషన్ కౌంటర్లో ఇచ్చినవే కదా? అక్కడ కార్డు చేతిలోకి తీసుకుంటారు. ముందూ వెనకా తిప్పి కంప్యూటర్లో కొట్టుకుంటారు. పిన్నిని చూపించడానికి వెళ్ళినప్పుడు నా కళ్ళతో చూశాను. ఆ కంప్యూటరు మీద నీ కంపెనీ స్టిక్కరు కూడా చూశాను, ఇక్కడి చెల్లింపులకు మా రక్షణ ఉంది అని.

ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేశాను. అదృష్టం బాగుండి ఎత్తావు. ఆసుపత్రి కౌంటరు సంగతి చూశావా అని అడిగాను. క్లయింట్ల విషయాలు మాట్లాడకూడదక్కా అన్నావు. మరి బాబాయి విషయం ఎలా మాట్లాడావురా అంటే, అది డేటా చెప్పింది, నేను చెప్పలేదు అన్నావు. డేటాకి బాబాయి ఎవరో తెలియదు, నీకు తెలుసు. అక్కడితో ఫోను పెట్టేశావు, మళ్ళీ ఎత్తలేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. బుధవారంలోగా ఆ రిపోర్టు వెనక్కి తీసుకో. ఆసుపత్రి పేరు బయటపెడితే నీ కాంట్రాక్టు పోతుందేమో, పోనీ. బాబాయి దగ్గరికి వచ్చి, ఆ షట్టరు నీ చేత్తో ఎత్తు. క్షమించమని అడగక్కర్లేదు, ఆయన అడగనివ్వడు, ముందు భోంచెయ్యి అంటాడు. నువ్వు చూడకుండా తొందరలో సంతకం పెట్టేశావేమో అని మనసులో ఒక మూల నాకు ఇంకా ఉంది. ఆ మూలని ఖాళీ చెయ్యకు.

రేపు ఉదయం ఆఫీసుకి వెళ్ళాక దీన్ని కొరియర్లో వేస్తాను.

ఇట్లు,
నిన్ను ఇంకా తమ్ముడనే అంటున్న
అక్క

తా.క. సోమవారం. కవరు అంటించబోతుంటే మా డెస్కుకి నీ కంపెనీ నుంచి కొత్త హెచ్చరిక వచ్చింది, అందుకే మళ్ళీ కలం తీశాను. మా బ్యాంకు కార్డులు ఇంకొన్ని అంగట్లోకి వచ్చాయట. అవి పోయిన చోటు అదే మందుల షాపట. యజమాని ఇంకా కార్డుల వివరాలు కాజేస్తూనే ఉన్నాడట. కింద నీ సంతకం.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. బాబాయి షట్టరు దించాక, ఆ తర్వాతి వారం, నేనొక ఎర కార్డు చేయించాను. బాబాయి ఫైలు ముట్టుకోకూడదు గానీ ఎర వెయ్యడం నా ఉద్యోగమే. ఆసుపత్రి అడ్మిషన్ కౌంటర్లో ఒక్కసారి ఇచ్చాను, తెచ్చి బీరువాలో పెట్టాను. బాబాయి షాపు గడప అది తొక్కలేదు, తొక్కడానికి షాపు తెరిచి లేదు. నువ్వు ఇవాళ పంపిన కార్డుల్లో మొదటిది అదే.

దానికి కుక్క పేరూ మాస్టారి పేరూ పెట్టబుద్ధి కాలేదు. ఎక్కడ కనిపించినా నువ్వు ఒక్క క్షణం ఆగిపోయే పేరు పెట్టాలనుకున్నాను. అందుకని అమ్మ పేరు పెట్టాను, ఇంటిపేరుతో సహా. బతికినన్నాళ్ళూ బ్యాంకు గడప ఎక్కని మనిషి. నువ్వు ఆగలేదు.

నీ హెచ్చరికనీ, బీరువాలోని కార్డునీ, షట్టరు ఎప్పుడు పడిందో ఆ వివరాన్నీ మేనేజరుగారి టేబుల్ మీద పెట్టి వచ్చాను. గురువారం కమిటీ ముందుకి అవే వెళ్తాయి. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి, ఎవరమ్మా ఈవిడ అని అడిగారు. మా అమ్మ అండీ అన్నాను. మరి ఈ సంతకం ఎవరిది అన్నారు. ఆవిడ కొడుకుది అని చెప్పాను.