అర్జెంటు బండ్ల ముంగటి సీటు

లేదక్కా, బండెక్కితే నాకు వాంతులు అయితలేవు. నువ్వు అడగలే, తెలుసు. అడుగుతవని నేనే చెప్తున్న. చిన్నప్పుడు కొండగట్టుకు బస్సుల పోతే నీ ఒళ్లెనే కక్కిన కదా, గది యాదికొచ్చి నవ్వుతవని ముందుగల్లనే రాస్తున్న. ఇప్పుడు మంచిగున్న.

అవ్వ మంచిగున్నదా? మోకాళ్ల నొప్పులు తగ్గినయా? బాపు మంచిగున్నడా? బాపమ్మ కడుపునిండ తింటున్నదా? నేను గీడ ఆదిలాబాద్‌ల మంచిగనే ఉన్న, ఫికర్ చెయ్యకుండ్రి. ఫోన్ల మాట్లాడుమంటవు గని ఫోన్ల నాకు మాట రాదు, నీకెరికే. గందుకే ఒక్కొక్క అక్షరం ఎతుక్కుంట కొడుతున్న. తప్పులుంటే నవ్వకు. అవ్వకు సదివి వినిపియ్యి. బాపు సాంచల కాడ బట్ట నేసి వచ్చి బువ్వ తినేటప్పుడే సదువు. ఇననట్టు చేస్తడు గని ఇంటడు.

గీడ సలి మస్తుంది. పొద్దుగాల నోట్లెకెల్లి పొగలొస్తయి. అవ్వ ఇచ్చిన చెద్దరే కప్పుకుంటున్న. జొన్నరొట్టె అలవాటయింది. రూం పక్కన ఒక మరాఠీ ముసలమ్మ ఉన్నది, రొట్టెల మీదికి కూర పెడుతది. ఆమె మాట నాకు సగమే తెలుస్తది, నేనెట్లగూ మాట్లాడ, ఇద్దరికి మంచిగ కలిసింది. వచ్చిన కొత్తల నిద్ర పట్టలే అక్కా. సిరిసిల్లల సాంచలు కొట్టుకుంటుంటే గా సప్పుట్లనే పండుకొని పెరిగినం కదా. గీడ సప్పుడే లేదాయె. ఇప్పుడు పడుతుంది, నిజంగనే మంచిగున్న.

పని సంగతి చెప్త. మాది అర్జెంటు లోడు బండి. ఏడన్న మిషను ఆగిపోతే దానికి కావాల్సిన సామాను ఉరికించి ఇచ్చుడు. మొదటిపారి కరీంనగర్‌ల ఒక డబ్బ ఎక్కించుకున్నం. మనింట్ల అటుకుల డబ్బంత ఉన్నది, గంతే. అంత పెద్ద బండ్ల గదొక్కటే! ఇంకేమన్న వస్తదేమో అని నిలవడ్డ, అడగనీకె సిగ్గయింది. మా డ్రైవరు యూసుఫ్ ఉస్తాద్, నాకు తోలుడు నేర్పేది గాయినే, నవ్విండు. "ఏంరా, పెండ్లి సామాను ఎక్కుతదనుకున్నవా? జల్దీ ఎక్కు. ఆదిలాబాద్‌ల పత్తి మిల్లు ఆగింది, రైతులు బండ్లు పెట్టుకొని రోడ్డు మీద కూసున్నరు."

తోలుడు రానోన్ని ఎట్ల పెట్టుకున్నరని నువ్వు గూడ అనుకుంటవు. అర్జెంటు బండికి ఇద్దరుండాలె అక్కా. ఒకలు తోలుతే ఇంకొకలు సామాను చూసుకోవాలె, పార్టీ ఫోన్ చేస్తే ఏడికొచ్చినమో చెప్పాలె. పగటీలి బువ్వ తిన్నంక ఉస్తాద్‌కు కండ్లు మూతలు పడకుండ మాట్లాడుకుంట ఉండాలె. తోలుడు రాకున్నా గీ పనితోని మొదలుపెట్టి, నేర్చుకుంట నేర్చుకుంట లైసెన్స్ తీసుకోవచ్చు. గట్లనే పెట్టుకున్నరు.

నాకు తోలుడు కన్న మాట్లాడుడే పరేషాన్ అయింది. "ఏమన్న చెప్పురా" అన్నడు ఉస్తాద్. "ఏం చెప్పాలె ఉస్తాద్" అన్న. ఇంగ నిర్మల్ దాక ఇద్దరం గమ్మున ఉన్నం. "అరే, నీకన్న గా డబ్బ నయం, గతుకులల్ల గలగలమంటది!" అన్నడు. గప్పటిసంది ఇంటి ముచ్చట్లు చెప్పుడు షురూ చేసిన. కోపం చెయ్యకక్కా. బర్రె తరుముతే నువ్వు బోరింగ్ ఎక్కి కూసున్నది, అవ్వ సీరియల్ చూసుకుంట పప్పు మాడగొట్టి బాపమ్మ మీద పెట్టింది, అన్ని చెప్పిన. ఇప్పుడు ఆయనే అడుగుతుండు, "ఇయ్యాల మీ అక్క ముచ్చట లేదారా?" అని.

బాపు ముచ్చట గూడ చెప్పిన. నేను వచ్చేనాడు అన్నడు కదా, "తోలుడు రానోనికి బండి పనా? పత్తి సీజను అయ్యేలోపట లైసెన్స్ రాకుంటే సక్కగ వచ్చి సాంచల మీద నిలవడాలె" అని. గప్పటిసంది నాతోని మాట్లాడుతలేడు. ఫోన్ చేస్తే అవ్వ చేతికే ఇస్తుండు. ఉస్తాద్ దినాం అడుగుతడు, "మీ బాపు మాట్లాడిండా?" అని. లేదు అంట నేను. "మాట్లాడుతడు తియ్" అంటడు.

ఇంగ నేను చేసిన గలత్ పని ఇను. రోజు పొద్దుగాల మార్కెట్ యార్డు ఎనుక ఖాళీ జాగల నేర్పిస్తుండె. క్లచ్చు, గేర్లు జల్దీనే వచ్చినయి. నేర్చుకునే లైసెన్స్ చేతికొచ్చినంక ఒకనాడు ఖాళీ బండి రోడ్డు మీద ఇచ్చిండు. మంచిగ పోతున్న. గంతల ఎనుకకెల్లి టక టక అని సప్పుడు. సాంచ సప్పుడు మారిందంటే పోగు తెగినట్టే, గప్పుడే ఆపాలె అని బాపు మొట్టికాయలేసి నేర్పిండు కదా. నా చెయ్యి నన్ను అడగకనే తాళంచెవి మీదికి పోయింది. రోడ్డు నడిమిట్ల ఇంజను బంద్ చేసిన! స్టీరింగు బిగుసుకపోయింది. ఎనుక బస్సోడు ఒకటే హారను. ఉస్తాద్ "యా అల్లా" అనుకుంట స్టీరింగు గుంజి పక్కకు తెచ్చిండు.

"ఏమైందిరా!"

"సప్పుడు మారింది ఉస్తాద్."

దిగి చూస్తే ఏంది? అవ్వ పంపిన సకినాల డబ్బ మూతూడి ఎనుక దొర్లుతుంది!

"సకినాల కోసం నన్ను సంపుతవారా!" అని తిట్టిండు. తిట్టుకుంటనే తిన్నడు. తిన్నంక సల్లగ చెప్పిండు. "బేటా, సాంచ ఆగితే ఆడ్నే ఉంటది. బండి ఆగితే ఎనుకోడు మీదికొస్తడు. మీ బాపు ఇచ్చిన చెవి ఉంచుకో, చెయ్యి ఇడిసిపెట్టు. సప్పుడు మారితే నోరు తెరిసి చెప్పు. ఇంగోపారి తాళంచెవి ముట్టినవంటే సిరిసిల్ల బస్సెక్కిస్త."

మస్తు బుగులైంది. బస్సెక్కిస్తే బాపు మాటనే గెలుస్తది కదా.

మొన్న మళ్ల గా మిల్లుకే కరీంనగర్ కెల్లి ఇంకో డబ్బ తెచ్చేటప్పుడు ఉస్తాదే తోలుతుండు. కొండగట్టు వచ్చింది. ఆగుడు లేదు, బండ్లకెల్లే అంజన్నకు మొక్కిన. ఉస్తాద్ నా కోసం హారను కొట్టిండు. మెట్‌పల్లి దాటినంక ఎనుక టైరు కాడికెల్లి సప్పుడు వేరుగ ఇనవడ్డది. చెప్పాల్నా వద్దా? మళ్ల సకినాలేనేమో, నవ్వుతడేమో. చేతులు రెండు తొడల కింద పెట్టుకున్న, తాళంచెవి దిక్కు పోకుంట. ఆఖరికి అన్న, "ఉస్తాద్, సప్పుడు మారింది." గట్టిగనే అన్ననట, ఉస్తాద్ ఉలిక్కిపడ్డడు.

"ఈసారి అరిసెలా?" అనుకుంట మెల్లగ పక్కకు ఆపిండు. టైరుల ఇంత పొడుగు మొల! గాలి దిగుతుంది. ఇద్దరం ఉరికురికి టైరు మార్చినం. నవ్వలే అక్కా ఆయన. నా మెడ మీద చెయ్యేసి దగ్గరికి గుంజుకున్నడు. చెప్పిన టైముకే డబ్బ ఇచ్చినం. మిల్లు తిరుగుడు షురూ అయితే, గా సప్పుడు ఇనుకుంట జరసేపు ఆడ్నే నిలవడ్డ. అచ్చం మన గల్లి లెక్కనే ఉండె.

అసలు సంగతి ఆఖరికి దాచిన. లైసెన్స్ టెస్టు పాసైన! ఆఫీసరు పేరడిగితే సిగ్గుల ఊరి పేరు చెప్పిన. గని ఎనిమిది అంకె లెక్క బండి తిప్పుమంటే ఒక్కపారి గూడ ఆపకుంట తిప్పిన. పత్తి సీజను ఇంకా నడుస్తనే ఉన్నది, బాపుకు జర గట్టిగ సదివి చెప్పు.

వచ్చే ఆయితారం సిరిసిల్లకే లోడు, ఒక సాంచల కార్ఖానకు మోటరు. దింపినంక ఖాళీ బండి, ఉరుకుడు లేదు. "గప్పుడు నువ్వే తోలు. మీ గల్లికి పోదాం, మీ బాపును చూడాలె. నేను ఎనుక కూసుంట" అన్నడు ఉస్తాద్. అవ్వను సకినాలు చేసి పెట్టుమను, ఉస్తాద్‌కు గూడ. డబ్బ మూత గట్టిగ ఉండాలె.

అవ్వకు, బాపమ్మకు కాళ్లు మొక్కుతున్నని చెప్పు. నన్ను సల్లగుండుమని దీవించుమను. బాపుకు గూడ మొక్కుతున్న. నువ్వు పైలం.

నీ తమ్ముడు,
శ్రీను

బాపు ఏం మాట్లాడకున్నా సరే. జర అడుగక్కా, నేను తోలుతుంటే నా పక్కన ముంగటి సీట్ల కూసుంటడా?